కప్పకు కొండ పేరా, మనిషి పేరా, అక్కడి మాటా: ఏది మేలు?

టాంజానియా, కెన్యాల్లోని ఈస్టర్న్ ఆర్క్ కొండల్లో కల్లులినా అనే కప్పల ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) ఉంది. ఒళ్లంతా బొడిపెలు, గెంతడం కంటే నడకే ఎక్కువ. గుడ్లు నేల మీదే పెడతాయి. తోకకప్ప దశ లేదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పే వస్తుంది. కొండల మధ్య ఉన్న ఎండు మైదానాలు దాటలేక, ఎక్కడివక్కడే వేరువేరు జాతులయ్యాయి. అందుకే వీటికి పెట్టే పేరు విషయంలో జాగ్రత్త అవసరం.

మనిషి పేరుకు ఉదాహరణ కల్లులినా క్రెఫ్టి. 1911లో జంతుశాస్త్రవేత్త నీడెన్ వర్ణించాడు. తొలి నమూనా (వర్ణనకు ఆధారమైన కప్ప) తూర్పు ఉసంబారా కొండల్లోని అమానీది. 2004 దాకా ఈ ప్రజాతిలో తెలిసింది ఇదొక్కటే కాబట్టి, ఏ కొండ మీద బొడిపెల కప్ప దొరికినా నమూనా దాచిన సీసా మీద ఇదే పేరు రాశారు. తర్వాత పశ్చిమ ఉసంబారా కప్ప (2004), టైటా కొండల కప్ప (2009), పారే కొండల కప్పలు మూడు (2010) విడిగా తేలాయి. జాతిని విడగొడితే పాత పేరు తొలి నమూనా ఏ జాతిదో దానికే దక్కుతుంది. క్రెఫ్టి వ్యాప్తి అలా కుంచించుకుపోయినా పేరు తప్పు కాలేదు, ఎందుకంటే అందులో చోటు ప్రస్తావనే లేదు. లోపం కూడా అదే: ఆ పేరు చూసి ఎక్కడ వెతకాలో తెలియదు.

కొండ పేరు ఆ పని చేస్తుంది. పారే కప్పల్లో ఒకదాని పేరు 'షెంగెనా'; ఆ మాట అనగానే దక్షిణ పారేలోని శిఖరం గుర్తొస్తుంది. కానీ 1928లో ఉలుగురు కొండల పేరుతో వర్ణించిన చెట్టుకప్ప లెప్టోపెలిస్ ఉలుగురుఎన్సిస్ సంగతి చూడండి. అది ఉసంబారాలోనూ, ఉడ్జుంగ్వా కొండల్లోనూ ఉంది. పేరు అతకలేదని మార్చడానికి అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ఒప్పుకోదు. కాబట్టి పక్క కొండల నమూనాలతో డీఎన్ఏ, అరుపు, వేళ్ల కొసల ఆకారం పోల్చి చూశాకే కొండ పేరు పెట్టాలి.

నా ఓటు మాత్రం అక్కడి మాటకే. టైటా కప్ప పేరు 'దవిడా', ఆ కొండలను అక్కడివాళ్లు పిలుచుకునే పేరు. పశ్చిమ ఉసంబారా కప్ప 'కిసివామ్సితు': స్వాహిలీలో కిసివా అంటే దీవి, మ్సితు అంటే అడవి. చుట్టూ పొలాలు, నడుమ మిగిలిన అడవి తునక; కప్ప బతుకంతా ఆ ఒక్క మాటలో ఉంది. రేపు పక్క అడవిలో దొరికినా ఈ పేరు చెల్లుతుంది.

వ్యాప్తి పటం గీసేవారికి ఒక హెచ్చరిక: 2004కు ముందు చీటీ మీద 'క్రెఫ్టి' అని ఉంటే దాన్ని 'కల్లులినా, జాతి తేలలేదు' అనే చదవండి. దొరికిన కొండ ఏదో చూసి, నమూనాను మళ్లీ పరీక్షించాకే పటంలో చుక్క పెట్టండి.