ప్రాగ్‌లో మొదటి రోజు: ముందు కోటా, ఓల్డ్ టౌనా?

ప్రాగ్ చెక్ రిపబ్లిక్ రాజధాని. మేముండేది దాని పక్క దేశం జర్మనీలో కాబట్టి, ఎండాకాలం సెలవులు దగ్గరపడేసరికి చుట్టాల నుంచి, స్నేహితుల నుంచి ఇదే ప్రశ్న వస్తుంటుంది. "ప్రాగ్‌కి టికెట్లు, హోటల్ అన్నీ అయిపోయాయి. మొదటి రోజు పొద్దున్నే ఎటు వెళ్ళమంటావు?" అడిగేవాళ్ళు కొత్తగా పెళ్ళయినవాళ్ళు కావచ్చు, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి చాలా ఏళ్ళకి ఇద్దరే బయల్దేరినవాళ్ళు కావచ్చు. ఏమేం చూడాలో వాళ్ళకి తెలుసు. కోట, చార్లెస్ బ్రిడ్జి, గంటకోసారి బొమ్మలు కదిలే పెద్ద గడియారం. ఏది ముందు అన్న దగ్గరే ఆగిపోతారు.

ఎక్కువమంది ఓల్డ్ టౌన్‌తో మొదలుపెడతారు. అందులో తప్పేం లేదు. హోటళ్ళు చాలావరకు నదికి ఓల్డ్ టౌన్ ఉన్న వైపే. నేల చదును. 1410 నాటి గడియారం, రెండు గోపురాల టీన్ చర్చి ఒకే స్క్వేర్‌లో కనిపిస్తాయి. పాత యూదుల పేట కూడా పక్కనే. హోటల్ గుమ్మం దాటగానే యూరప్ వచ్చేశామన్న సంబరం దొరుకుతుంది. మ్యాప్ అక్కర్లేదు, బండి ఎక్కక్కర్లేదు.

అయితే ఆ రోజు మధ్యాహ్నం ఏం జరుగుతుందో చూడండి. గడియారం చూస్తారు, సందులన్నీ తిరుగుతారు, జనంలో తోసుకుంటూ బ్రిడ్జి దాటుతారు. అప్పటికి రెండో మూడో అవుతుంది. ఎదురుగా కొండ, కొండ మీద కోట. "ఇంత దూరం వచ్చాం కదా, ఎక్కేద్దాం" అంటారు ఒకరు. రెండోవాళ్ళు ఏమీ అనరు. ప్రాగ్ వీధుల్లో పరిచినవి చిన్న చిన్న రాళ్ళు, పలుచటి చెప్పులైతే ప్రతి రాయీ అరికాలికి తెలుస్తుంది. పైగా విమానంలో సరిగా నిద్రుండదు. సగం మెట్లెక్కాక "నువ్వు చూసి రా, నేనిక్కడే కూర్చుంటా" అనే మాట వస్తుంది. ఇద్దరూ కలిసి చూడాలని వచ్చిన కోటని ఒక్కరే చూసి దిగుతారు.

అందుకే నేను మొదట చూసేది ఎక్కడమా, దిగడమా అన్నదే. టికెట్ ధర, జనం, ఫొటోలు అన్నీ దాని తర్వాతే. మొదటి రోజు కాళ్ళు అలిసిపోతే మిగిలిన సెలవులన్నీ ఆ బడలికతోనే గడుస్తాయి.

కోటతో మొదలుపెడితే కొండ ఎక్కే పని ట్రామ్ చూసుకుంటుంది. 22 నంబర్ ట్రామ్ నేషనల్ థియేటర్ దగ్గర ఎక్కితే నది దాటి, మెలికలు తిరుగుతూ కొండ మీదకి వెళ్తుంది. చాలామంది కోట పేరుతోనే ఉన్న ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాప్‌లో దిగిపోతారు. నేనైతే ఇంకాస్త ముందుకెళ్ళి పోహోర్జెలెత్స్‌లో దిగమంటాను. అక్కణ్ణుంచి స్ట్రాహోవ్ మఠం రెండడుగులు. మఠం పక్కన నిలబడితే కింద పండ్లతోటలు, వాటి కింద ఎర్ర పెంకుల ఊరు, ఆ వెనకాల వల్టావా నది. ముందు ఊరంతా పైనుంచి చూసేస్తే, తర్వాత కింద సందుల్లో తిరుగుతున్నప్పుడు ఎక్కడున్నామో ఇద్దరికీ తెలుస్తూ ఉంటుంది. ఇక అక్కణ్ణుంచి సాయంత్రం దాకా దాదాపు అంతా దిగుడే.

కోట ఆవరణ తిరగడానికి టికెట్ లేదు, లోపలి కట్టడాలకే కొనాలి. ఒక్కటే చూస్తామంటే సెయింట్ వైటస్ కేథడ్రల్ చూడండి. 1344లో మొదలైన కట్టడం 1929లో పూర్తయింది. లోపలికి వెళ్ళాక ఎడమవైపు చెక్ చిత్రకారుడు ముఖా చేసిన రంగుటద్దాల కిటికీ దగ్గర కాసేపు నిలబడండి. ఎండ పడిన రోజు ఆ నీలాలు, ఆకుపచ్చలు కళ్ళు తిప్పుకోనివ్వవు. పొద్దెక్కేకొద్దీ లైను పెరుగుతుంది. పన్నెండింటికి బ్యాండుతో కాపలా మారుతుంది కాబట్టి ఆ వేళకి ఇంకా రద్దీ. కేథడ్రల్ తలుపులు తొమ్మిదికి తీస్తారు. తొమ్మిదికల్లా అక్కడుంటే సగం ఇబ్బంది తప్పినట్టే.

దిగేటప్పుడు తూర్పు వైపు మెట్లు కాకుండా నెరుదోవా వీధి పట్టుకోండి. నాకు ప్రాగ్‌లో అన్నిటికన్నా ఇష్టమైన వీధి అది. 1770లో మరియా థెరిసా రాణి ఇళ్ళకి నంబర్లు వేయించేదాకా ఇక్కడ ఇంటి గుర్తు గుమ్మం పైన ఉన్న బొమ్మే. మూడు వయొలిన్ల ఇల్లు, ఇద్దరు సూర్యుల ఇల్లు, ఎర్ర సింహం ఇల్లు. మా అన్నయ్యా వదినా వచ్చినప్పుడు ఈ దారినే తీసుకెళ్ళాను. మామూలుగా కొంచెం నడిస్తే చాలు "ఏమండీ, ఇంకెంత దూరం?" అనే వదిన, ఆ రోజు వీధికి అటో ఇటో ఒక్కో బొమ్మ వెతుక్కుంటూ అన్నయ్యకన్నా ముందు దిగిపోయింది. వయొలిన్లు మొదట కనిపెట్టింది తనే. "కరీంనగర్‌లో మన వీధికి కూడా ఇట్లా ఉంటే కొరియర్ వాడికి చెప్పడం ఎంత తేలికో" అంది.

వీధి కింద మాలా స్త్రానా అనే పేటలో భోజనం చేసుకోవచ్చు. శాకాహారులకి స్మజెనీ సీర్ అనే వేయించిన చీజ్ దాదాపు ప్రతి చోటా దొరుకుతుంది. స్విచ్‌కోవా అంటే బీఫ్, అలవాటు లేనివాళ్ళు గుర్తుపెట్టుకోండి. కడుపు నిండాక చార్లెస్ బ్రిడ్జి దాటితే ఓల్డ్ టౌన్. అంటే కోటతో మొదలుపెట్టినా గడియారం తప్పిపోదు, సాయంత్రానికి దాని ముందే ఉంటారు. ఓల్డ్ టౌన్‌తో మొదలుపెట్టినవాళ్ళకి కోట ఇలా కలిసిరాదు. నా లెక్కలో తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్ళకి ఇంకో విషయం. ఎండాకాలంలో ప్రాగ్ మనకన్నా మూడున్నర గంటలు వెనక. అక్కడ తెల్లవారుజామున నాలుగంటే మన ఒంటికి ఏడున్నర. మెలకువ దానంతటదే వచ్చేస్తుంది. పక్క మీద ఫోన్ చూస్తూ పడుకోకుండా ఇద్దరూ లేచి చార్లెస్ బ్రిడ్జి మీదకి వెళ్ళిపోండి. జూన్‌లో అయిదు కాకముందే పొద్దు పొడుస్తుంది. 516 మీటర్ల వంతెన, రెండు వైపులా ముప్ఫై విగ్రహాలు, అక్కడక్కడా ఫొటోలు తీసుకునేవాళ్ళు తప్ప జనం ఉండరు. పగలు అదే వంతెన మీద భుజం తగలకుండా నడవలేరు. చూసి వచ్చి, టిఫిన్ చేసి, ట్రామ్ ఎక్కితే సరిపోతుంది.

రాత్రి ఎనిమిదికి మాత్రం మన ఒంటికి పదకొండున్నర. కాబట్టి మొదటి రోజు డిన్నర్ క్రూయిజ్ బుక్ చేయొద్దు. పడవ మంచిదే, రెండో రోజుకో మూడో రోజుకో పెట్టుకోండి. ఎక్కుతూ దిగుతూ ఊరు చూసే హాప్-ఆన్ టూరిస్టు బస్సు నేను చెప్పను. చూడాల్సిన సందుల్లోకి అది రాదు, చార్లెస్ బ్రిడ్జి ఎక్కదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే తప్ప ఆ డబ్బు దండగ.

ట్రామ్ టికెట్ విషయం ఒకటి మరిచిపోవద్దు. కాగితం టికెట్ కొంటే ఎక్కగానే పసుపు రంగు మెషిన్‌లో స్టాంప్ వేయాలి, లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా ఫైన్ వేస్తారు. ట్రామ్ లోపల నారింజ రంగు మెషిన్ దగ్గర కార్డుతో కొన్న టికెట్‌కి ఆ అవసరం లేదు.

మీ మొదటి రోజు ఆదివారమైతే మాత్రం క్రమం మార్చండి. ఆ రోజు పొద్దున ప్రార్థనలుంటాయి కాబట్టి కేథడ్రల్‌లోకి సందర్శకుల్ని మధ్యాహ్నం నుంచే రానిస్తారు. అప్పుడు పొద్దున ఓల్డ్ టౌన్ చూసుకుని, భోజనమయ్యాక 22 ఎక్కి కోటకి వెళ్ళండి.