కాటా బాగుంది, దాంతో ఇచ్చిన కప్పుల్ని మాత్రం నమ్మకండి

మూడు నెలల కింద ఆన్‌లైన్‌లో వంటింటి డిజిటల్ కాటా ఒకటి కొన్నాను. దాంతోపాటు ప్లాస్టిక్ కప్పులు, స్పూన్లు కూడా ఇచ్చారు, అన్నీ కలిపి వెయ్యి లోపే. కంపెనీ పేరు రాయడం లేదు.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. డబ్బా వెనకాల ఒక చార్టు అచ్చేశారు, అందులో కప్పంటే 250 గ్రాములట, మైదా అయినా పంచదార అయినా ఒకటే లెక్కట! నేను నమ్మేశాను. రెండు కప్పుల మైదా అని రాసున్న కేకుకి అర కిలో తూచి పోస్తే, కలుపుతుండగానే గరిటె పిండిలో నిటారుగా నిలబడిపోయింది. పాలు పోసి జారు చేసి ఎలాగో ఓవెన్‌లో పెట్టాను గానీ, బయటికొచ్చింది తీపి రొట్టె.

తర్వాత కూర్చుని నేనే తూచుకున్నాను. సరిగ్గా 240 మిల్లీలీటర్లు పట్టే కప్పుకి మైదా 120 నుంచి 125 గ్రాములే పడుతుంది, అదీ స్పూనుతో వేసి పైన చాకుతో గీసేస్తే. కప్పునే డబ్బాలో ముంచి తీస్తే 145 దాకా వెళ్తుంది, అంటే అదే కప్పు, అదే పిండి, తేడా అంతా మన చేతిలోనే ఉంది. పంచదార 200, వెన్న 227, తేనె అయితే ఏకంగా 340.

ఇక కప్పుల సంగతి. 240 అని గుద్దిన కప్పుని అంచుదాకా నీళ్లతో నింపి కాటా మీద పెడితే నీళ్ల బరువు 225 గ్రాములే చూపించింది, మిల్లీలీటరు నీళ్లంటే గ్రాము కాబట్టి 240 రావాలి. కాటా తప్పేమో అని కిరాణా కొట్టులో తూచిన కిలో పంచదార ప్యాకెట్ పెట్టి చూశాను, అది సరిగ్గానే ఉంది. కప్పే చిన్నది. అసలే అమెరికా వాళ్ల కప్పు 240, ఆస్ట్రేలియా వాళ్లది 250, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180, మధ్యలో వీళ్లదొకటి.

కాటా మీద ఎమ్‌ఎల్ బటన్ కూడా ఉంది, అది నీళ్లకి, కాస్త అటూ ఇటూగా పాలకి తప్ప పనికిరాదు. నూనె నీళ్లకన్నా తేలిక కాబట్టి 240 ఎమ్‌ఎల్ పోసినా 220 దగ్గరే ఆగుతుంది. ఈస్టు, ఉప్పు లాంటివి చిటికెడు చిటికెడుగా వేస్తే అంకె కదలదు, ఒకేసారి వేస్తేనే చూపిస్తుంది.

మరి ఎందుకు వాపసు ఇవ్వలేదంటే, టేర్ బటన్ కోసం. గిన్నె పెట్టి సున్నా చేసి, పిండి వేసి మళ్లీ సున్నా చేసి, పంచదార, వెన్న అన్నీ అదే గిన్నెలో. కడగడానికి ఒక్క గిన్నె!

మా అమ్మకి ఇదంతా పిచ్చిగా కనిపిస్తోంది. "సోలెడు మినప్పప్పు, సోలెడు బెల్లం తరుగు, ఇందులో గ్రాములెక్కడివే" అంటుంది. ఆవిడకి కుదురుతుంది మరి, అన్నీ అదే సోలతో, అదే చేత్తో కొలుస్తుంది కదా. ఆ సున్నుండల కొలత గ్రాముల్లో రాసుకుందామని ఆవిడ సోలని నాలుగుసార్లు తూచాను, బెల్లం ప్రతిసారీ వేరే బరువు వచ్చింది, అమ్మ ఒకసారి అదిమి, ఒకసారి వదులుగా పోస్తోంది. సగటు తీసి రాసుకున్నాను.

కాటాకి నాలుగు స్టార్లు, కప్పులకి ఒకటి. చార్టు చించేశాను. పెద్ద కప్పు ఇప్పుడు బియ్యం డబ్బాలో ఉంటోంది, మా ఇద్దరికీ పూటకి ఒక కప్పు సరిపోతోంది.