కొత్త డైనమో అంటగట్టని ఆటోనగర్ దుకాణం

మా పాత పెట్రోలు కారులో ఛార్జింగ్ లైటు ఆరకపోవడంతో, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో (వాడుకలో డైనమో) తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉంటాయనుకుని దాన్ని నేనే విప్పాను. అనుమానం నిజమే గానీ, బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీయకుండానే పని మొదలుపెట్టడంతో, ఛార్జింగ్ కరెంటు బయటికి వచ్చే బి టెర్మినల్ నట్టు మీదున్న స్పానర్ రెండో కొస ఇంజన్‌కు తగిలి పెద్ద నిప్పురవ్వ లేచింది. చెయ్యి కాలనందుకు సంతోషించి, కొత్త బ్రష్‌లు వేసి బిగించాను. మర్నాటికి బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. మొదట చూపించిన గ్యారేజీలో, మీటరైనా పెట్టకుండా, కొత్త ఆల్టర్నేటర్‌కు 9,000 రూపాయలవుతుందని తేల్చారు.

ఆ తర్వాతే విజయవాడ ఆటోనగర్‌లో, డైనమోలు, సెల్ఫ్ మోటార్ల పని మాత్రమే చేసే, పేరు బోర్డైనా లేని ఈ చిన్న దుకాణానికి వెళ్లాను. అక్కడి పెద్దాయన వేసిన మొదటి ప్రశ్న, "విప్పేటప్పుడు బ్యాటరీ వైరు తీశారా సార్?" అని. నా మౌనమే ఆయనకు జవాబైంది. బి టెర్మినల్ నుంచి తీగ ఫ్యూజు మీదుగా బ్యాటరీకి చేరుతుంది కనుక, ఇంజన్ ఆగి ఉన్నా అక్కడ బ్యాటరీ వోల్టేజీ కనిపించాలి. మీటరు సున్నా చూపింది. నా స్పానర్ ఇంజన్‌కు తగిలినప్పుడే, స్క్రూలతో బిగించి ఉండే 80 ఆంపియర్ల ఫ్యూజు మాడిపోయింది. నేను వేళ్లతో లాగితే వచ్చే చిన్న ఫ్యూజులన్నీ చూసి, దీన్ని చూడనే లేదు.

ఫ్యూజు స్థానంలో తీగ చుట్టి పంపేవారిని చూశాను. ఈయన అసలు రకం తెప్పించే వరకు బండిని కదలనివ్వలేదు. బ్యాటరీతో సంబంధం తెగిన ఆల్టర్నేటర్‌ను అలాగే తిప్పినందువల్ల దానిలోని డయోడ్లు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగాలు) దెబ్బతిని ఉండవచ్చని వాటినీ పరీక్షించి, బాగున్నాయని చూపించారు. రాడ్డు పెట్టి నేను మరీ బిగించిన బెల్టును, ఇలా వదిలేస్తే బేరింగ్ పోతుందని మందలిస్తూ వదులు చేశారు. బ్యాటరీని ఛార్జ్ చేసి ఇంజన్ నడిపితే 14.2 వోల్టులు, హెడ్‌లైట్లూ ఏసీ వేస్తే 13.9 వచ్చాయి, అంటే ఛార్జింగ్ సరిగ్గా ఉన్నట్టే.

మొత్తం 850 రూపాయలైంది. రాతపూర్వక బిల్లు ఇవ్వరు, అది నాకు నచ్చలేదు. కూర్చోవడానికి చోటు లేదు, నాకు మూడు గంటలు పట్టింది. ఉదయం పది లోపు వెళ్తే మేలు.