రేవులూ కావు, ఖజానాలూ కావు: రెండేళ్ళుగా చూస్తున్న మధ్యయుగ పాఠాల గురించి

ఐరోపా మధ్యయుగ కట్టడాల మీద వీడియో పాఠాలివి, చెప్పేది ఇంగ్లీషులో, తెర కింద తెలుగు అక్షరాలు పడతాయి. ఎన్ని పాఠాలున్నాయి, ఏడాదికెంత, టీవీలో వస్తుందా రాదా అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి అవి రాయను. రెండేళ్ళు డబ్బు కట్టి చూశాక నాకు మిగిలిన బాధ ఒక్కటే, తెర కింద పడే తెలుగు. ఆ తెలుగు ఉందనే చేరాను.

నేను చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. చదువు పదో తరగతి, తెలుగు మీడియం. మా అమ్మవాళ్ళది అద్దంకి. పండరంగడి శాసనం, రెడ్డిరాజుల మొదటి రాజధాని, ఈ మాటలు వింటూ పెరిగాను. మన వాళ్ళు రాతి మీద పద్యం చెక్కించి గుళ్ళు లేపుతున్న ఆ వందల ఏళ్ళలో మిగతా లోకం రాయితో ఏం చేసిందో చూడాలని ఎప్పటినుంచో ఉండేది. ఐరోపా మధ్యయుగ కట్టడాల మీద పాఠాలు తెలుగు అక్షరాలతో వస్తున్నాయని తెలిసిన రోజే కట్టేశాను.

చెప్పే ఆవిడ చాలా బాగా చెబుతుంది. కుర్చీలో కూర్చుని చెప్పదు, గోడ దగ్గరికెళ్ళి రాయి మీద చెయ్యి పెట్టి చెబుతుంది. ఇంగ్లాండులో యార్క్ పెద్ద చర్చిలో పైగదిలో ఒక సున్నపు నేల ఉంది. 14వ శతాబ్దం నుంచి మేస్త్రీలు కిటికీ కమాన్ల గీతలు అసలు కొలతలోనే ఆ నేల మీద గీసుకున్నారు. ఆ గీతల్ని బట్టి చెక్క అచ్చులు కోసి రాయి కొట్టేవాళ్ళ చేతికిచ్చేవాళ్ళు. నిలబడి చూస్తే ఉత్త నేల. ఆవిడ టార్చి నేలకి ఆనించి పక్కనుంచి వేసేసరికి ఒకదాని మీద ఒకటి గీతలన్నీ పైకి లేచాయి. మేం పాలిష్ చూసేది కూడా అట్లాగే. స్లాబుకి ఎదురుగా లైటు పెడితే అద్దంలా మెరుస్తుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. ట్యూబ్‌లైటు వాలుగా పడితేనే రాపిడి గీతలు బయటపడతాయి. ఆ పాఠం నాలుగుసార్లు చూశాను.

ఆరు నెలలకి ఐదు నక్షత్రాలు ఇచ్చి, కెమెరా రాయి దగ్గరికంటా పోతుందని రాశాను. కట్టడాల వరకు ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. రాతప్రతుల పాఠాలకొచ్చేసరికి మాత్రం ఉన్న పది బొమ్మలే తిప్పి తిప్పి చూపించారు. అవి అప్పటికి చూడలేదు.

ఇక బోవే సంగతి. పారిస్‌కి ఉత్తరాన ఉన్న ఊరు. అక్కడి చర్చి మీద మూడు పాఠాలున్నాయి. కింద పడిన తెలుగు ఇది: "1284లో గాయక బృందం ఖజానా కూలిపోయింది. రేవుల మధ్య దూరం ఎక్కువ. తర్వాత రేవుల మధ్యలో కొత్త రేవులు కట్టారు. నావ్ కట్టడం జరగనే లేదు." రేవు, నావ, ఖజానా. ఆవిడ ఇంగ్లీషు వేగం నాకు అందదు, కళ్ళు కింద అక్షరాల మీదే ఉన్నాయి. సముద్రపు వ్యాపారంతో బతికిన ఊరనీ, పాటలు పాడేవాళ్ళ డబ్బు దాచిన గది కూలిందనీ అర్థం చేసుకున్నాను. మన మోటుపల్లి రేవు గుర్తొచ్చింది. గణపతిదేవుడు ఓడ వర్తకులకి అభయశాసనం వేయించింది కూడా ఆ 13వ శతాబ్దంలోనే కదా అని మనసు పొంగింది.

మర్నాడు టీ బంకు దగ్గర మావాళ్ళకి ఇదంతా చెప్పాను. చూసినవన్నీ వాళ్ళకి చెప్పడం నాకు అలవాటు. మాలో పెద్దవాడైన బాబాయ్ అంతా విని, "రేవు అంటున్నావు, సముద్రం ఎంత దూరంరా? ఒంగోలుకి మన కొత్తపట్నం ఉన్నట్టా?" అని అడిగాడు. నాకు తెలియలేదు.

రాత్రి ఇంటికొచ్చి మళ్ళీ పెట్టాను. ఎక్కడా నీళ్ళు లేవు. 'రేవు' అని పడినప్పుడల్లా ఆవిడ వేలు రాతి స్తంభం మీద ఉంది. 'ఖజానా' అన్నప్పుడు తలెత్తి పైకి చూస్తోంది. చాలాసేపు అట్లా కూర్చుండిపోయాను. నమ్మి నలుగురికి చెప్పిన మాట తప్పని తెలిస్తే ఎంత కష్టంగా ఉంటుందో చెప్పలేను.

అక్షరాలు ఆపేశాను. ఇంగ్లీషు అందకపోయినా బొమ్మ అందింది. మా స్లాబుని ఎప్పుడూ నిలబెట్టే తరలిస్తాం. రెండు సెంటీమీటర్ల పలకని పడుకోబెట్టి రెండు చివర్లు పట్టి ఎత్తితే నడిమికి విరుగుతుంది. రాయి బరువు మోస్తుంది కానీ వంపుని ఓర్చుకోదు. అందుకే మన గుళ్ళలో స్తంభాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, పైన దూలం పొట్టిగా ఉంటుంది. అక్కడివాళ్ళు దూలం మానేసి చిన్న చిన్న రాళ్ళని కోసుగా ఉన్న కమాన్లుగా పేర్చి దాదాపు 48 మీటర్ల ఎత్తున కప్పు వేశారు. కమాను బరువు కిందికే కాదు, పక్కకీ తోస్తుంది. ఆ తోపుడుని బయటనుంచి సగం కమాన్లతో ఆపారు. అది 1272లో పూర్తయి పన్నెండేళ్ళకి కొంత కూలింది. అప్పుడు పాత స్తంభాల నడుమ కొత్త స్తంభాలు లేపారు. తెరమీద వాటిని లెక్కపెట్టుకోవచ్చు. తర్వాత నడిమి మండపం (కింద 'నావ్' అని పడింది అదే) కట్టకుండానే 150 మీటర్లు దాటిన శిఖరం ఎత్తారు, 1569లో పూర్తయిన ఆ శిఖరం 1573లో పడిపోయింది. ఇప్పటికీ లోపల ఒకవైపు కొయ్య దన్నులు పెట్టి నిలబెట్టి ఉంచారు. ఇంత గొప్ప కథని నాకు రేవులు, ఖజానాలు చేసి ఇచ్చారు.

ఒంగోల్లో డిగ్రీ చదివే మా అమ్మాయి పక్కన కూర్చుని మాటలు విడదీసింది. "నాన్నా, ఈ పియర్ రేవులో ఉండేది కాదు, గోడ బరువు మోసే స్తంభం. వాల్ట్ అంటే కమాను కప్పు. క్వయర్ అంటే పాడేవాళ్ళు కూర్చునే చోటు, మన గుళ్ళో గర్భగుడి ముందుండే అంతరాళం లాంటిది అనుకో." సగం కమాన్లకి బాబాయ్ పేరు పెట్టాడు, 'వాలు దన్ను'. పందిరి రాట ఒరగకుండా బయటనుంచి పెట్టేదాన్ని మనం దన్ను అనే అంటాం. అన్నిటికీ మాటలున్నాయి మనకి. రోజూ రాయి ముట్టుకునే ఒక్క మనిషిని అడిగితే సరిపోయేది.

అట్లాంటివి నలభై రెండు మాటలు, ఏ పాఠంలో ఎన్నో నిమిషంలో ఉన్నాయో రాసి పంపాను. 'మీ సూచన మాకు విలువైనది' అని జవాబొచ్చింది, అందులోనూ నా పేరు తప్పు. ఏడు నెలల తర్వాత బోవే పాఠంలో ఖజానా పోయి 'వాల్ట్' వచ్చింది. రేవులు ఇంకా రేవులే.

చేరమంటారా అని మా యూనిట్‌లో ఇద్దరు అడిగారు. నాకు రాయి తెలుసు, ఇంట్లో ఇంగ్లీషు తెలిసిన పిల్ల ఉంది, రాత్రి పూట గంట తీరిక ఉంది. ఈ మూడూ ఉంటే పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. పోటీ పరీక్షలకి చదివే కుర్రాళ్ళకి పనికొస్తుందో లేదో నేను చెప్పకూడదు. తెలుగు అక్షరాల్ని నమ్ముకుని ఒంటరిగా చూసేవాళ్ళని మాత్రం ఆగమనే అంటాను.

నా గడువు ఈ నెల ఇరవైతో అయిపోతుంది. మా అమ్మాయికి చదువు మే నెలతో పూర్తి, తర్వాత ఎక్కడ ఉద్యోగమో తెలియదు. అందుకని ఈసారి ఏడాదికి కాకుండా మూడు నెలలకే కడుతున్నాను. స్పెయిన్‌లో గ్రనడాలోని అల్‌హంబ్రా కోట మీద కొత్త పాఠాలు వచ్చాయి. ఆదివారం బాబాయ్ మా ఇంటికొస్తానన్నాడు. కింద అక్షరాలు ఆపేసి పెడతాను.