మా సిటీ ఉచిత కంపోస్ట్, మల్చ్: నా అనుభవం

2020 వేసవిలో, కోవిడ్ రోజుల్లో, ఇక్కడ కాలిఫోర్నియాలో మేం వెళ్లే ఇండియన్ షాపుకి గోంగూర రావడం ఆగిపోయింది. గోధుమపిండి ఇంటికి ఒక్క సంచే. అప్పుడే సిటీ వాళ్లు ఉచితంగా ఇచ్చే కంపోస్ట్ (కుళ్లబెట్టిన ఎరువు), మల్చ్ (మొక్కల చుట్టూ మట్టిపైన పరిచే చెక్కముక్కలు) తెచ్చుకోవడం మొదలుపెట్టాను. పార, సంచులు మనమే పట్టుకెళ్లాలి, మనమే నింపుకోవాలి.

కంపోస్ట్ చాలా బాగుంది. నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసన. మూడు వంతుల మట్టికి ఒక వంతు కలిపి గోంగూర, తోటకూర గింజలు చల్లాను. నెల తిరిగేసరికి తోటకూర పప్పులోకి వచ్చింది. వీడియో కాల్లో ఆ మడి చూసి అమ్మ కళ్లు తుడుచుకుంది.

మల్చ్‌తో మాత్రం జాగ్రత్త. చెక్కముక్కల్లో ప్లాస్టిక్ కవర్ల పీలికలు, ఒకసారి గాజు పెంకు దొరికాయి. గ్లవ్స్ తప్పనిసరి. తెలియక మొదట మట్టిలో కలిపేశాను, వంగ మొక్కలు పసుపెక్కాయి. చెక్క కుళ్లేటప్పుడు మట్టిలోని నైట్రోజన్ లాగేసుకుంటుందట. తర్వాత మట్టిపైనే మూడంగుళాలు పరిచి, కాండానికి తగలకుండా చూశాను. రోజూ పోసే నీళ్లు రెండు రోజులకొకసారి పోస్తే సరిపోయాయి.

ఐదుకి నాలుగు స్టార్లు. శనివారం పొద్దున్నే వెళ్లండి, తొమ్మిదికల్లా కంపోస్ట్ కుప్ప ఖాళీ అయిపోతుంది.