రీడింగ్ రూమా, గ్రంథాలయమా? డీఎస్సీకి చదివే పిల్లలకు నా మాట

డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష రాసి నాకు ఎస్‌జీటీ (చిన్న తరగతులకు చెప్పే టీచరు) పోస్టు వచ్చినప్పటి నుంచి నన్ను ఎక్కువమంది అడుగుతున్నది సిలబస్ గురించి కాదు. "అక్కా, నెల్లూరులో ఉండి చదువుకుందామనుకుంటున్నా. ప్రైవేటు రీడింగ్ రూంలో చేరమంటావా, గ్రంథాలయానికి పొమ్మంటావా?" అని. కోవూరు, బుచ్చి, పొదలకూరు, ఎక్కడి పిల్లలైనా ఇదే అడుగుతున్నారు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నా. నేను రెండు చోట్లా కూర్చుని చదివినదాన్నే.

రీడింగ్ రూంలో సుఖం ఉంది, కాదనను. మూడు వైపులా చెక్క అడ్డం పెట్టిన బల్ల, లైటు, ప్లగ్గు, పుస్తకాలు పెట్టి తాళం వేసుకునే అర. మే నెలలో నెల్లూరు ఎండ ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు ఏసీ విలువ చెప్పనక్కర్లేదు. రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంటుంది. వైఫై ఉంటుంది కాబట్టి మాక్ టెస్టులు అక్కడే రాసుకోవచ్చు. డీఎస్సీ కంప్యూటర్ మీద రాసే పరీక్ష అయ్యాక ఇది చిన్న సౌకర్యం కాదు. పొద్దున ఆలస్యంగా పోయినా మన సీటు మనకుంటుంది. నేను నెలకు 900 చొప్పున ఎనిమిది నెలలు కట్టాను.

అయితే ఆ ఎనిమిది నెలల్లో జరిగింది చెబుతాను. నా దృష్టిలో తేల్చే విషయం అందులోనే ఉంది.

2018 డీఎస్సీ తర్వాత ఏళ్లకేళ్లు ఎదురుచూశాం. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ పడింది. పడిన వారానికే రీడింగ్ రూముల్లో సీటు దొరకలేదు. నేనూ అప్పుడే చేరాను. పరీక్ష వాయిదా పడింది, ఎన్నికలొచ్చాయి, ఆ నోటిఫికేషనే రద్దయింది. జూన్‌లో 16,347 పోస్టులన్నారు. సంతోషపడ్డాం. కానీ నోటిఫికేషన్ చేతికొచ్చింది 2025 ఏప్రిల్ 20న! ఈ మధ్యకాలం ఎట్లా గడపాలి? మార్చిలో కిక్కిరిసిన హాల్లో ఆగస్టుకు సగం బల్లలు ఖాళీ. వెళ్లిపోయినవాళ్లు చదువు రానివాళ్లు కాదు. నా పక్కబల్ల అమ్మాయికి నాకంటే సైకాలజీ బాగా వచ్చు. ఇంట్లో నెలనెలా అడగలేక ఆగిపోయింది. అక్టోబరుకు నా వంతు వచ్చింది. మా నాన్న రొయ్యల గుంటలో తెల్లమచ్చ తెగులు వచ్చి పంట పోయింది. ఫీజు అడగడానికి నోరు రాలేదు.

అప్పుడు గ్రంథాలయానికి మారాను. మా నాన్నకు నమ్మకం కుదరలేదు. "ఊరికే ఎవరు కూర్చోనిస్తారు పాపా?" అన్నాడు. ఇంటిపన్ను రసీదు తీసి చూపించా. అందులో గ్రంథాలయ పన్ను అని విడిగా ఉంటుంది, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల లెక్కన. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పంచాయతీలు, మునిసిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మా నాన్న ఏళ్ల తరబడి కడుతున్న డబ్బది. ఉచితమని మొహమాటపడే పిల్లలందరికీ నేను ఈ రసీదు సంగతే చెబుతున్నా.

అక్కడ నేను కూర్చున్నది అక్టోబరు నుంచి పరీక్ష దగ్గరపడేదాకా. ఆ నవంబరు, డిసెంబరు వానల్లో కూడా బస్సు దొరికిన రోజల్లా పోయాను. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియని చదువుకి కావాల్సింది ఏసీ కంటే ముందు ఎన్నాళ్లైనా ఎవరూ లేవమనని కుర్చీ. డీఎస్సీ ఒక్కటే కాదు, గ్రూప్ 2కైనా, కానిస్టేబుల్‌కైనా ఇదే పరిస్థితి. మన పరీక్షలు నెలల లెక్కలో రావు కదా.

పుస్తకాల విషయంలోనూ గ్రంథాలయమే మేలు. రీడింగ్ రూంలో బల్ల ఇస్తారు, పుస్తకాలు మనవే. డీఎస్సీ కంటెంటుకు మూలం బడి పాఠ్యపుస్తకాలే. తెలుగు అకాడమీ పుస్తకాలు, మెథడాలజీకి (పాఠం చెప్పే పద్ధతులకు) నలుగురు రాసిన నాలుగు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏ గైడులో తప్పుందో మనకే తెలిసిపోతుంది. అన్నీ కొనాలంటే వేలవుతుంది.

ఇంకోటి, పేపర్లు. పొద్దున్నే నాలుగైదు దినపత్రికలు బల్లమీద ఉంటాయి. రిటైరైన ఒక తాత రోజూ అందరికంటే ముందొచ్చేవాడు. నన్ను చూడగానే "పడిందా పాపా?" "ఇంకా పడలా తాతా." అంతే మా మాటలు. కానీ చదువుల పేజీ వచ్చిన రోజు ఆ పేజీ పైకి వచ్చేలా మడిచి నా పుస్తకాల పక్కన పెట్టి పోయేవాడు. బడి వదిలాక పిల్లలొచ్చి బొమ్మల పుస్తకాలు తిరగేసేవాళ్లు. వాళ్లకు కథ చదివి వినిపిస్తూనే పిల్లలకు ఎక్కడ విసుగొస్తుందో నేర్చుకున్నా. ఇప్పుడు ఒకటో తరగతిలో అదే పనికొస్తోంది. రీడింగ్ రూంలో అందరం ఒకే పరీక్షకు పోటీపడేవాళ్లం, పక్కవాళ్ల మార్కులు వింటేనే భయమేసేది. ఇక్కడ ఆ గుబులు తగ్గింది.

లోపాలూ చెప్పాలి. శుక్రవారం గ్రంథాలయాలకు సెలవు. ఆ రోజుకి ఇంటి దగ్గర రివిజన్ పెట్టుకోండి. పొద్దున తొమ్మిది దాటితే గోడ పక్క కుర్చీ దొరకదు. ఫ్యాన్ కింద వేడిగాలే. పుస్తకాల సంచి రోజూ మోసుకుపోయి మోసుకురావాలి. ఊళ్లలోని శాఖా గ్రంథాలయాలు చాలాచోట్ల పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపే తెరుస్తారు, కాబట్టి దినమంతా కూర్చోవాలంటే పట్నంలో పెద్ద గ్రంథాలయానికే పోవాలి. ఆడపిల్లలు మొదటిరోజే బాత్రూం ఎట్లా ఉందో చూసుకోండి. దాన్ని చూసే చాలామంది మధ్యాహ్నానికే ఇంటికెళ్లిపోతారు. బాగాలేకపోతే నలుగురు కలిసి రాతపూర్వకంగా అడగండి. మన పన్నుతో నడిచేదాన్ని బాగుచేయమని అడగడంలో తప్పులేదు.

ఫోన్లో పీడీఎఫ్‌లు చాలు కదా అని అడిగేవాళ్లున్నారు. ఒక అధ్యాయం వెతుక్కోవడానికి చాలు, ఆరుగంటలు చదవడానికి చాలవు.

వేటపాలెం సారస్వత నికేతనం గురించి ఒంగోలు వైపు పిల్లలు ఇద్దరు అడిగారు. 1918లో మొదలైంది, 1929లో గాంధీగారు శంకుస్థాపన చేసిన చోటు, పాత పత్రికలకు పెట్టింది పేరు. ఒకప్పుడు ప్రకాశంలో ఉండేది, 2022 నుంచి బాపట్ల జిల్లా. పరిశోధన చేసేవాళ్లు తప్పక పోవాలి. డీఎస్సీ కోసం అంతదూరం అక్కర్లేదు.

నేనైతే నోటిఫికేషన్ పడేదాకా గ్రంథాలయమే అంటాను. పడ్డాక, డబ్బుకు ఇబ్బంది లేకపోతే ఆఖరి నెల రీడింగ్ రూంలో కట్టండి. నేనూ జూన్ పరీక్షకు ముందు ఇరవై రోజులు మాక్ టెస్టుల కోసం మళ్లీ కట్టాను. ఇంట్లో ఇబ్బందైతే అది కూడా వద్దు. మాక్ టెస్టులు ఇంటర్నెట్ సెంటరులో గంటకింత ఇచ్చి రాసుకోవచ్చు.

కూర్చుని చదవడానికి గ్రంథాలయంలో రూపాయి కట్టక్కర్లేదు. పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవాలంటే సభ్యత్వం తీసుకోవాలి, దానికి డిపాజిట్ ఉంటుంది. ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు దగ్గర పెట్టుకుని, తలుపు తీసే వేళకే పోండి.