చెవి మిషన్ సరే, అచ్చుతోనే తంటా

చెవి వెనక పెట్టుకునే వినికిడి మిషన్ గురించి చాలామంది రాశారు కాబట్టి బ్యాటరీ, సౌండ్ ఛానెళ్ల జోలికి పోను. నా గొడవంతా దానికి తగిలించే అచ్చుతో. షాపువాళ్లు మోల్డ్ అంటారు. నా చెవి కొలతకు చేసిన, చెవి రంధ్రంలో కూర్చునే గట్టి ప్లాస్టిక్ ముక్క. కొత్తలో చక్కగా కూర్చుంది, ఎవరడిగినా కొనమనే చెప్పేవాణ్ణి.

కూత మొదలైంది తిరుచానూరులో ఒక పెళ్లి భోజనాల దగ్గర. వడ కొరికితే కుయ్‌మంది. నమలడం ఆపితే ఆగింది. మళ్లీ నమిలితే మళ్లీ కూత. పక్కనున్నవాళ్లు జేబులు తడుముకుని ఫోన్లు చూసుకున్నారు. ఎదురు వరసలోంచి మనవరాలు "తాతా, నీ చెవి కూస్తా ఉంది" అని పందిరంతా వినిపించేలా అంది. పాయసం వచ్చేసరికి మిషన్ తీసి జేబులో వేసుకున్నా. ఆపైన ఎవరేమన్నా తలూపడమే.

కొన్న చోటికి పోతే ముందు బ్యాటరీ మార్చారు, తర్వాత సౌండ్ తగ్గించారు. కూత పోయింది, దాంతోపాటు మాటలూ పోయాయి. మళ్లీ పోతే "మీ వయసుకు ఇంతే సార్" అన్నారు. ఒళ్లు మండింది. చివరికి ఇంకోచోట వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టు అమ్మాయి అచ్చును వేలితో లోపలికి నొక్కి పట్టుకుంది. కూత ఠక్కున ఆగింది. "మిషన్‌కేం కాలేదు సార్, మీ చెవే మారింది" అంది. అచ్చుకీ చెవికీ మధ్య సందు పడితే లోపలికి పోవాల్సిన శబ్దం బయటికి కారి, మిషన్ మైకులో దూరి, మళ్లీ పెద్దదై కూతవుతుందట. చెవి రంధ్రంలో బయటి మూడో వంతు మెత్తటి మృదులాస్థి. వయసుతో వదులవుతుంది, దవడ కదిలితే ఆకారం మారుతుంది. వయసు మాట నిజమే, కానీ దానికి విరుగుడు కొత్త అచ్చు అని కొన్న చోట ఒక్కరూ చెప్పలేదు.

చెవి బయటి డొప్ప కూడా మారుతుంది. 1995లో ఇంగ్లండ్‌లో హీత్‌కోట్ అనే డాక్టరు, తోటి డాక్టర్లు 206 మంది చెవులు కొలిచి, సగటున ఏడాదికి 0.22 మిల్లీమీటర్లు పొడవవుతాయని లెక్కగట్టారు. తిరుమలలో గుండు చేయించుకుని అద్దం చూసుకున్నాక నాకూ నమ్మకం కుదిరింది. తమ్మెలు బాగానే జారాయి, ఇన్నాళ్లూ జుట్టు కప్పిపెట్టింది.

కొత్త అచ్చు సిలికాన్‌ది. దారం కట్టిన స్పాంజి ముక్క లోపల పెట్టి, పేస్టు నింపి, గట్టిపడేదాకా కూర్చోబెట్టి కొలత తీసుకున్నారు. ఇప్పుడు జంతికలు నమిలినా కూత లేదు. బాగుందనే అంటాను. కాకపోతే తిరుపతి ఎండల్లో లోపల చెమట పట్టి ఒకటే దురద, మధ్యాహ్నం తీసి పెట్టాల్సిందే. ఈ వయసులో గులిమి కూడా ఎండి గట్టిపడుతుంది, అచ్చు కన్నం రోజూ తుడవాలి.

నాకు వినికిడి బాగా తగ్గింది, పైగా కళ్లజోడు బరువూ ఆ చెవి మీదే. కొద్దిగా తగ్గినవాళ్లకు అచ్చు బదులు చెవి రంధ్రంలో పెట్టుకునే చిన్న రబ్బరు టోపీ సరిపోవచ్చు, అప్పుడు ఈ అచ్చు గొడవే ఉండదు. అచ్చు తప్పదన్నవాళ్లు మాత్రం, మళ్లీ చేయించాలంటే ఎంత తీసుకుంటారో కొనే రోజే అడగండి.